గుమాస్తానని చెప్పిన రోజు

బి.ఏ. ప్యాసై నాలుగేళ్లయినా నాకు ఉద్యోగం రాలేదు. అరవైల మొదట్లో ఒక మధ్యాహ్నం, నెల్లూరులో మరో ఇంటర్వ్యూలో కాదనిపించుకుని కోట అనే ఊరికెళ్లే బస్సెక్కాను. పక్కనున్న ముసలి జాలరి అడిగాడు: "యాడ పని చేస్తా ఉండావు నాయనా?"

ఉద్యోగం లేదని అందరికీ చెప్పీ చెప్పీ విసిగిపోయి, "ఆఫీసులో గుమాస్తాని" అన్నాను.

అప్పటిదాకా 'నువ్వు' అన్న మనిషి వెంటనే 'మీరు' అనడం మొదలుపెట్టాడు. "మావోడు ఎస్సెల్సీ ప్యాసైనాడయ్యా. రెండేళ్లుగా పని కోసం తిరగతా ఉండాడు. నిన్నట్నించి అన్నం ముట్టలా. ఉద్యోగం చేసే మీరొచ్చి ఒక్క మాట చెబితే తింటాడు."

పనుందన్నాను. ఆయన తన ఊరి మలుపులో దిగి, బస్సు కదిలేదాకా నాకు దండం పెడుతూ నిలబడ్డాడు. ఆ రోజు నాకు ఏ పనీ లేదు.

ఏడాదికి నిజంగానే గుమాస్తానయ్యాను. ఆ మలుపులో మాత్రం ఇప్పటికీ తలెత్తి చూడలేను.