మా మిడ్‌ఫీల్డర్‌కు నేను కఫీల్‌ని

ఆ రోజుల్లో సిరిసిల్లలో మా ఫుట్‌బాల్ టీముకు ఆటగాళ్లు పదకొండు మందైతే, వాళ్లెట్లా ఆడాలో చెప్పే అభిమానులం నలభై మందిమి ఉండేవాళ్లం. నేను ఆ నలభైలో ఒకణ్ణి. మైదానం చుట్టూ ఒక్కసారి పరుగెత్తితే ఆయాసం వచ్చేది గానీ, నోటితో మాత్రం తొంభై నిమిషాలూ ఆడేవాణ్ణి. సాంచెల (మరమగ్గాలను మేమట్లాగే అంటాం) చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి, చాయ్ హోటల్లో పక్కన కూర్చున్నవాడితో కూడా అరిచే మాట్లాడేవాళ్లం. చూసేవాళ్లు కొట్టుకుంటున్నామనుకునేవారు. అప్పుడప్పుడూ అది నిజమే.

ఒకసారి జగిత్యాల టోర్నమెంటులో కోరుట్ల టీము మమ్మల్ని చిత్తుగా ఓడించింది. అసలు ఓడించింది టీము కాదు, మధ్యలో ఆడిన ఒక బక్క పిల్లవాడు. బంతి అతని కాలు దగ్గరికి వచ్చిందంటే మావాళ్లు దాన్ని మరిచిపోవాల్సిందే. రెండు మాటలకు మించి మాట్లాడడు కాబట్టి అతనికి సైలెంటు అని పేరు పెట్టాం. ఎట్లాగైనా అతణ్ణి మా టీములోకి తేవాలని సగం మంది, తెస్తే నాలుగు మ్యాచులాడి పోతాడని సగం మంది. వారం రోజులు ఇదే లొల్లి. చివరికి పన్నెండేళ్లు దుబాయిలో చేసి వచ్చిన మా మేనమామ తీర్పు చెప్పాడు (ఆయనకు ఫుట్‌బాల్ తెలియదు, అగ్రిమెంట్లు తెలుసు). "అల్లుడా, ఉత్త మాట మీద మనిషి నిలుస్తడా? ఒక కఫీల్ ఉండాలె. రిలీజ్ ఆయన చేతుల ఉండాలె" అన్నాడు. కఫీల్ అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, అతను రిలీజ్ రాసిస్తే తప్ప ఇంకోచోట పనికి పోవడం కుదరదు. అందరికీ అది గొప్పగా నచ్చింది.

అగ్రిమెంటు నేనే రాశాను. ఒక జత బూట్లు, కోరుట్ల నుంచి బస్సు టికెట్టు, గెలిస్తే చికెన్ బిర్యానీ, ఓడితే పప్పన్నం. "డ్రా అయితే ఏంది మరి?" అని ఒకడు లేవదీస్తే గంటసేపు కొట్లాడి గుడ్డు బిర్యానీ అని తేల్చాం. రెండేళ్ల దాకా కఫీల్ రిలీజ్ లేనిదే ఎక్కడా ఆడరాదని చివర్లో రాశాను. నా దస్తూరి బాగుందని నన్నే కఫీల్‌ని చేశారు. కోరుట్ల నుంచి పిలిపిస్తే, సైలెంటు చదివి కింద సంతకం పెట్టాడు. ఇంతలో మామ "పాస్‌పోర్టు జమ చేసుకో" అన్నాడు (అక్కడ కఫీళ్లు అట్లాగే తమ దగ్గర పెట్టుకుంటారట). ఆ పిల్లవాడికి పాస్‌పోర్టు ఎక్కడిది? పదో తరగతి మెమో, ఒరిజినల్, తీసుకున్నాం. "పైలం అన్నా" అన్నాడు సైలెంటు, జాగ్రత్తగా దాచమని. అది నా ట్రంకు పెట్టెలో చొక్కాల కింద చేరింది.

రెండు నెలల తర్వాత అతను మా సాంచెల షెడ్డుకు వచ్చాడు. పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినిపించక సాంచె ఆపాను. "హైదరాబాదుల సెలక్షన్లున్నయన్నా. వయసు చూస్తందుకు ఒరిజినల్ మెమో తెమ్మన్నరు. రిలీజ్ ఇస్తవా?"

"ఎప్పుడు?"

"ఆదివారం."

అదే ఆదివారం జగిత్యాలలో మా ఫైనల్. ట్రంకు పెట్టె రెండు వీధుల అవతలే ఉంది. కానీ నాలో కఫీల్ మేల్కొన్నాడు. "గీ ఒక్క మ్యాచ్ ఆడు తమ్మీ. సోమవారం పొద్దుగాల నీ చేతుల పెడత" అన్నాను, అచ్చం మా మామ గొంతుతో (కాలర్ కూడా సవరించుకున్నాను, దాచడమెందుకు). "సరే అన్నా" అన్నాడు. ఆదివారం రెండు గోల్స్ అతనే వేయించాడు, గెలిచాం, చికెన్ బిర్యానీ తిన్నాం. సోమవారం మెమో ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కాడు. నేను చేసిందేమిటో ఆ బస్సు కదిలాక గానీ నా బుర్రకెక్కలేదు. మరుసటి ఏడాది అతను దుబాయి పోయాడు.

పోయిన నెల సెలవు మీద వచ్చాడని తెలిసి కోరుట్ల వెళ్లాను. కాస్త పొట్ట, కాస్త నెరిసిన జుట్టు. అరుగు మీద అతని మేనల్లుడూ వాడి స్నేహితులూ ఫోన్ చూస్తూ, ఎక్కడో విదేశీ క్లబ్బు కొత్తగా తెచ్చుకున్న మిడ్‌ఫీల్డర్ గురించి వాదించుకుంటున్నారు. ఎన్నేళ్ల కాంట్రాక్టు, రిలీజ్ క్లాజ్ ఏమిటి అని. సైలెంటు నన్ను చూసి నవ్వాడు. "అన్నా, దుబాయిల దిగంగనే పాస్‌పోర్టు ఇయ్యమన్నరు. అందరు లొల్లి చేసిన్రు. నేను సప్పుడు చేయకుంట ఇచ్చిన. నాకు అలవాటే గద."

ఇద్దరం నవ్వాం. అతని నవ్వు నిజమైనది, నాది కాదు. ఇన్నేళ్లూ దాచిన అగ్రిమెంటు తీసి, అడుగున "రిలీజ్ ఇవ్వడమైనది" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అతను రెండుసార్లు చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మంచిగుందన్నా. ఇగ ఏ టీముల ఆడుమంటవ్?"

ఆ ఇంట్లో సాంచెలు లేవు, అతని ప్రతి మాటా నాకు వినిపించింది. "తప్పయింది తమ్మీ" అన్నాను. జీవితంలో మొదటిసారి అంత చిన్నగా మాట్లాడానేమో, అతనికి అందలేదు.

"ఏందన్నా, జర పెద్దగ చెప్పు" అన్నాడు సైలెంటు.