జహ్రా హాకీ పిల్లల ‘బైలం’ మా ఓబులేసన్నది

నిన్న పొద్దున నేను పనిచేసే అమ్ఘరా స్క్రాప్ యార్డులో పాత ఇనుము దించుతుంటే రూమ్ నుంచి ఫోన్ వచ్చింది. “ఓబులేసన్న లేడురా” అన్నారు.

“లేకుంటే బండి తీసుకొని పోయింటాడు లే” అన్నాను.

అవతల ఎవరో ఏడుస్తున్నది వినిపించింది.

అప్పుడు అర్థమైంది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందంట. ఫర్వానియా హాస్పిటల్‌కు తీసుకెళ్లేసరికే అంతా అయిపోయింది.

నిన్నంతా ఏడుపు కూడా రాలేదు. ఒళ్లంతా బరువుగా ఉంది. అయినా రాస్తున్నా. ఊర్లో అందరికీ అన్న కువైట్‌లో డ్రైవర్ అని మాత్రమే తెలుసు. ఒక ఐస్ హాకీ టీమ్ ఆయన మీదే నడిచిందని తెలియదు.

అవును, ఐస్ హాకీ. ఈ ఎడారిలోనే.

అన్న కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చిన యజమానిది, సిటీకి దూరంగా ఉండే జహ్రా. ఆ ఇంటి చిన్న కొడుకు బదర్, ఆ వీధి పిల్లలు కలిసి ఒక జూనియర్ టీమ్ పెట్టారు. జహ్రాలో మంచు ఎక్కడిది? సిటీలో రింక్ ఉంది. శుక్రవారం తెల్లారేసరికి పిల్లల్నీ, కర్రల్నీ, చెమట కంపు కొట్టే బ్యాగుల్నీ మినీ బస్సులో వేసుకొని పోవాలి. అందరికీ సెలవు, అన్నకు డ్యూటీ.

రింక్ లోపల చలి అని అన్న ఒక స్వెటర్ కొన్నాడు. జూలై ఎండలో స్వెటర్ చంకన పెట్టుకొని బయల్దేరే మనిషి కువైట్ మొత్తంలో ఈయనొక్కడే.

పిల్లలు ఆయన్ని “అమ్మో ఓబు” అనేవారు. అరబీలో అమ్మో అంటే బాబాయ్. “అన్నా, నిన్ను చూస్తే వాళ్లకు అంత భయమా” అని రూమ్‌లో ఏడిపించేవాళ్లం.

మొదట్లో ఆ టీమ్ ఆట చూడలేం. ఆడేదానికన్నా పడేది ఎక్కువ. అందుకే ఒక్కొక్కడు మంచు మీదకు దిగేటప్పుడు అన్న గేటు దగ్గర నిలబడి, భుజం తట్టి, “పైలం నాయనా, పైలం” అనేవాడు. జాగ్రత్త అని, మా కడప మాట. ఎవడి పళ్లయినా రాలితే ఇంట్లో మామా, అదే యజమానురాలు, అడిగేది అన్ననే కదా.

వాళ్లకు ‘ప’ పలకదు. అది బైలం అయింది.

అంతటితో ఆగలేదు. బైలం అంటే “మీద పడండి” అని అనుకున్నారు. ఇంకేముంది, “యల్లా బైలం” అని అరుచుకుంటూ ఎదుటి టీమ్ మీదకు దూసుకుపోవడం మొదలుపెట్టారు. జాగ్రత్త జాగ్రత్త అని కేకలేస్తూ గుద్దే టీమ్ ఇంకెక్కడా ఉండి ఉండదు.

అర్థం నేను చెప్పేస్తానంటే అన్న ఒప్పుకోలేదు. “చెప్పాకురా. తెలిస్తే ఇడిసిపెడతారు. ఎట్లనో ఒకట్ల ఆ మాట నోట్లో ఉండాది గదా, చాలు.”

మధ్యలో రిపేర్లని రింక్ మూసేశారు. టీమ్ ఖలాస్ అనుకున్నారు అందరూ. అన్న మాత్రం అమ్ఘరాకు వచ్చి మా యార్డంతా తిరిగి పాత పైపులు ఏరాడు. “గోల్ పోస్టులు కావల్ల. వెల్డింగ్ చేసియ్యి” అన్నాడు. డ్యూటీతో చేతులు పడిపోయి ఉన్నాయి నాకు. తిట్టుకుంటూనే చేసిచ్చాను. బస్సు టాప్ మీద కట్టుకొని పోయాడు. రింక్ తెరిచేదాకా ఖాళీ పార్కింగ్‌లో చక్రాల స్కేట్లు వేసుకొని వాటితోనే ఆడారు. ఒక పోస్టు కాస్త వంకర. ఆ వంకర నాదే.

తెరిచాక సిటీ టీమ్ మీద మొదటిసారి గెలిచారు. ఆ రోజు రూమ్‌లో మేము చెమటలు కక్కుతుంటే అన్న స్వెటర్ విప్పకుండానే అన్నం తిన్నాడు.

తర్వాత కరోనా. మళ్లీ మూత. పిల్లలు పెద్దయ్యారు. చదువులకు కొందరు, ఉద్యోగాలకు కొందరు పోయారు. టీమ్ ఆగిపోయిందని అన్నకు ఎవరూ చెప్పలేదు. ఒక శుక్రవారం రమ్మనలేదు, అంతే.

స్వెటర్ మాత్రం ఇంకా మేకుకే ఉంది. దాన్ని చూస్తూనే ఇది రాస్తున్నా.

నిన్న సాయంత్రం వదిన ఫోన్ చేసింది. “ఇంగేమీ వద్దు నాయనా. నా మనిషిని పైలంగా ఇంటికి పంపీండి” అంది.

సరే వదినా అన్నాను. కానీ కఫీల్ సంతకం లేకుండా ఇక్కడ ఏదీ కదలదు. పెద్దాయన మంచం పట్టి ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. అది తెలిసీ సరే అన్నాను. ఇంకేం అనగలను?

ఈ పొద్దున హాస్పిటల్ బయట కూర్చొని ఉంటే గడ్డం పెంచిన ఒక కువైటీ కుర్రాడు వచ్చాడు. వెనక ఇంకొందరు. “అమ్మో ఓబు ఎక్కడ?” అన్నాడు.

బదర్.

మేము పెద్దాయనకు పెట్టిన మెసేజ్ తను చూశాడంట. తండ్రి తరఫున సంతకాలు తనే చేస్తానన్నాడు. ఊరు చేరేదాకా తనే చూసుకుంటానన్నాడు. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు.

కాసేపటికి పక్కన కూర్చొని అడిగాడు, బైలం అంటే అసలు ఏమిటని.

వద్దనడానికి అన్న లేడు. చెప్పాను. “మీ దీర్ బాలక్ లాంటిది. జాగ్రత్త అని.”



అన్నను మార్చురీ బండి ఎక్కించేటప్పుడు స్ట్రెచర్‌కు బదర్, వెంట వచ్చిన ఆ టీమ్ పిల్లలే చేతులు వేశారు. అంచు దగ్గర చిన్న కుదుపు వచ్చింది. ముందున్న బదర్ వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు.

“బైలం.”

అందరూ నెమ్మదించారు.

వదినా, పైలంగానే పంపుతున్నాం.

పోయిరా అన్నా. స్వెటర్ కూడా నీ వెంట పెడుతున్నా, దారిలో చలి. ఇక శుక్రవారాలు నీవే. ఈ అలసటంతా తీరేలా నీ ఆత్మ చల్లగా నిద్రపోవాలి.