వెయ్యని బంతికి సాక్ష్యం

ఒక మనిషి తన పని సరిగ్గా చేసినందువల్ల ఏ ప్రమాదమూ జరగకపోతే, ఆ జరగకపోవడాన్ని మీరు ఎవరి పేరు మీద రాస్తారు? తొందరపడి దేవుడి పేరు చెప్పకండి. అదృష్టం అనీ అనకండి. నేను అడుగుతున్నది మనిషి పేరు.

మొన్న అజ్మాన్‌లో మా గదిలో టీ తాగుతుంటే ఫోన్ దానంతటదే ఒక వీడియో తెచ్చి చూపించింది. అమెరికన్ ఫుట్‌బాల్ మీద నలుగురు పెద్దమనుషులు బల్ల చుట్టూ చేరి వాదించుకుంటున్నారు. ఆ ఆటలో జట్టులో అందరికంటే వెనక, చివరి కాపలాగా నిలబడేవాణ్ణి సేఫ్టీ అంటారు. అలాంటి ఆటగాళ్లలో ఎవరికి హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఆ ఆట మేటి ఆటగాళ్ల కీర్తి మందిరంలో, చోటివ్వాలన్నది వాళ్ల తగువు. ఒకాయన అంకెలు చదువుతున్నాడు. ఇంకొకాయన అంకెల్లోకి రాని గొప్పతనం గురించి చెబుతున్నాడు. నా టీ చల్లారిపోయింది. ఈ తగువు నేను అబుదాబి ఎడారిలో, రువైస్ రిఫైనరీ క్యాంపులో ఒకసారి ఆడి, గెలిచాను. ఆ గెలుపు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

కరోనా మొదటి దెబ్బ కాస్త సద్దుమణిగి, రిఫైనరీలో షట్‌డౌన్ పనులు మొదలైన రోజులవి. యూనిట్లు ఆపేసి, లోపలంతా విప్పి, కడిగి, మళ్లీ బిగించే నెలలు. నేను ఒక కాంట్రాక్టరు దగ్గర, ప్రమాదకరమైన పనులకు అనుమతి కాగితాలిచ్చే పర్మిట్ ఆఫీసులో గుమాస్తాను. మా గదిలో ముగ్గురు తెలుగువాళ్లం. ఏసీ మెకానిక్‌గా చేసే కడప భాయ్ ఒకడు. రెండో ఆయన నిర్మల్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, క్యాంపు మొత్తానికి మామ. భాయ్ అంతకుముందు అమెరికన్ ఇంజినీర్ల మెస్సులో పనిచేసి, బిర్యానీకంటే ముందు ఈ ఆట మీద మోజు నేర్చుకున్నాడు. రిక్రియేషన్ హాల్లో ఏసీ బాగుచేసేది తనే కాబట్టి టీవీ రిమోట్ కూడా తన సొత్తేనని అతని నమ్మకం. శుక్రవారం మధ్యాహ్నాలు దూరదూరంగా వేసిన కుర్చీల్లో, మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, రికార్డు చేసిన ఆటలు చూసేవాళ్లం. బయట ఎండకు తారు మెత్తబడి వాసన కొట్టేది. హాల్లో మాత్రం భాయ్ పుణ్యమా అని దుప్పటి కప్పుకోవలసినంత చలి.

మా తగువులో ఇద్దరు ఆటగాళ్లు. ఎదుటివాళ్లు విసిరిన బంతిని గాల్లోనే లాక్కోవడంలో దిట్ట అయినవాడు ఒకడు, నేను అతని వైపు. భాయ్ 'గోడ' అని ముద్దుపేరు పెట్టుకున్నవాడు రెండోవాడు. గోడ ఖాతాలో లాక్కున్న బంతులు బహు తక్కువ.

"సూడప్పా, ఆయప్ప నిలబడిన పక్కకి బంతే ఎయ్యరు. భయం!" అనేవాడు భాయ్.

నేను మా ఊళ్లో హేతువాద సంఘం చర్చల్లో నోరు తిరిగినవాణ్ణి. బాబాల మహిమలను ఆధారం చూపించమని నిలదీసి, రాళ్లు కూడా తిన్నవాణ్ణి. నన్ను ఒక కడప ఏసీ మెకానిక్ ఒప్పించడమా! "వెయ్యని బంతికి సాక్ష్యమేది భాయ్? రాని దయ్యాన్ని నా తాయెత్తే ఆపిందని ఫకీరు చెప్పినట్టుంది నీ వాదం" అన్నాను. హాలంతా నవ్వింది. వెనక కుర్చీలో కునుకు తీస్తున్న మామ కళ్లు తెరిచి, "అటుదిక్కు ఎందుకు ఏస్తలేరో ఏసేటోన్ని అడిగితే తెల్వదా అల్లుడా?" అన్నాడు. ఆట తెలియని మనిషి మాట అని దాన్ని పక్కన పెట్టేశాను.

మామ చేసేది హోల్ వాచ్ పని. రిఫైనరీలో వెసెల్స్ అనే పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులుంటాయి. మనిషి పట్టేంత కంతలోంచి కూలీలు లోపలికి దిగి పనిచేస్తారు. లోపల గాలి చెడితే కేక పెట్టే వ్యవధి కూడా ఉండదు. ఆ కంత దగ్గర కూర్చుని, దిగినవాళ్ల పేరు బిళ్లలు తీసుకుని, వాళ్లు బయటికి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండటం హోల్ వాచ్ బాధ్యత. అందరూ బిళ్లలు పక్కనున్న బోర్డుకు తగిలిస్తారు. మామ బోర్డుకు తగిలించడమే కాకుండా, ఎంతమంది దిగితే అన్ని ముడులు తన తువ్వాలుకు వేసుకునేవాడు. ఒక్కొక్కరు బయటికి వచ్చినప్పుడు ఒక్కో ముడి విప్పేవాడు. తువ్వాలు సాపు అయ్యేదాకా టీ ముట్టడు.

ఒకరోజు పర్మిట్ కాగితం ఇవ్వడానికి వెళ్లి చూశాను. టీ విరామం అయిపోయింది. గాలి మళ్లీ పరీక్షించనిదే ఎవరినీ దిగనివ్వనని మామ కంతకు వీపు ఆనించి కూర్చున్నాడు. పొద్దున చేసిన పరీక్ష చాలు, తప్పుకోమని ఫోర్‌మన్ మీదికొచ్చాడు. "యల్లా యల్లా! సుబా టెస్ట్ హువా నా? హటో!" మామ కదల్లేదు. "మీటర్ లావో" అన్నదొక్కటే మాట. చివరికి గాలి కొలిచే మీటరు వాడు వచ్చి చూశాడు. గాలి బాగానే ఉంది. ఫోర్‌మన్ నా వైపు తిరిగి, చూశావా ఈ ముసలాడి చాదస్తం అన్నట్టు చేతులు తిప్పాడు. నేను నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

షట్‌డౌన్ చివర్లో భద్రతా పురస్కారాల బోర్డు ఒకటి పెట్టారు. దాని మీద పేరెక్కినవాళ్లను ఉంచుకుంటారు, మిగతావాళ్లను ఇంటికి పంపుతారు. ఎంపికకు కొలత కార్డులు: ఎక్కడ అపాయం కనిపిస్తే అక్కడ కార్డు రాసి పెట్టెలో వెయ్యాలి. వాటర్ కూలర్ దగ్గరి ఒక్క నీటి మడుగు మీదనే ఎన్ని కార్డులొచ్చాయో! మడుగును మాత్రం ఎవడూ తుడవలేదు. లెక్క నా చేతికి అప్పగించారు.

మామ ఒక సాయంత్రం నా మంచం పక్కన నిలబడ్డాడు. ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు.

"అల్లుడా, ఆ బోర్డు మీద పేరుంటే ఉంచుతరట గదా. నా వయసోన్ని ఒక్కసారి తోలేస్తే మల్ల ఎవడు పిలుస్తడు?"

"మామా, పెట్టెలో నీ కార్డు ఒక్కటీ లేదు. ఏ ఆధారంతో రాయను?"

"నాకు ఇంగ్లీషు రాసుడు రాదాయె. చూసింది చూసినట్టు నోటితోని చెప్పి ఆపుడే."

"ఆపినవి రుజువు కావాలి కదా."

"అయితే నీ ఇష్టం" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను నిజాయితీగా ఉన్నానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మడుగు వీరుల పేర్లు బోర్డెక్కాయి. వారం తిరక్కుండా మామ రువైస్ నుంచి బస్సెక్కాడు.

తర్వాత ఆడిట్ వస్తుందంటే పాత పర్మిట్ల కట్టలు విప్పాను. ప్రతి పర్మిట్ వెనకా గాలి పరీక్ష చేసిన వేళ, మీటరు వాడి సంతకం ఉంటాయి. మామ కూర్చున్న వెసెల్ కాగితాలన్నింటి మీదా ఉదయం ఒకటి, టీ తర్వాత ఒకటి, భోజనం తర్వాత ఒకటి, వరస తప్పకుండా ఉన్నాయి. మిగతా కాగితాల మీద చాలావాటికి ఉదయం పరీక్ష ఒక్కటే. కింద గళ్లన్నీ ఖాళీ. కొన్నింటి మీద హోల్ వాచ్‌గా బోర్డెక్కిన మనుషుల పేర్లే ఉన్నాయి. ఆధారం లేదని చెప్పినవాణ్ణి, ఆధారాన్ని నా బీరువాలోనే తాళం వేసి ఉంచుకున్నాను. బాబాలను నిలదీసినవాణ్ణి కార్డుల పెట్టెకు మొక్కాను. హేతువు తప్పు చెప్పలేదు. నేను వెతకలేదు, అంతే. లెక్కపెట్టడానికి సులువుగా దొరికినదాన్నే నిజమనుకున్నాను.

కట్టలు చంకన పెట్టుకుని ముదీర్, అంటే మా మేనేజరు, గదికి వెళ్లాను. ఆయన రెండు కాగితాలు తిరగేసి, "లిస్ట్ ఖలాస్" అన్నాడు. జాబితా ముగిసిపోయిందట, అంతటితో సరి.

మామకు ఫోన్ చేసి అంతా చెప్పాను. క్షమించమని అడగడానికి నాకు చాలా సేపు పట్టింది. ఆయన నవ్వాడు. "గా గోడాయన పేరు ఎక్కిందా అల్లుడా, ఆ మందిరంల?" లేదన్నాను. "అంత పెద్దోనికే ఎక్కలే. నాకేం తొందర" అన్నాడు. ఆ తొందర లేకపోవడాన్ని నేను ఇప్పటిదాకా మోస్తున్నాను.

కాలం జరిగినవాటినే దాచుకుంటుంది. జరగకుండా ఆపినవాళ్లు ఎవరో మనం రాయకపోతే దానికి తెలియనే తెలియదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రేపు మీ పనిచోట ఆ పేర్ల బోర్డు ముందు ఆగండి. దాని మీద లేని మనిషి ఎవరో గుర్తు చేసుకోండి. మీ బీరువా తెరవండి, పాత కాగితాలు దించండి, రుజువు వెతకండి. దొరికాక ఆ మనిషి బస్సెక్కకముందే పేరు రాయించండి.