డోన్ ఎర్మీలో పట్టుకున్న దొంగలు

డోన్ ఎర్మీలో లెక్కలో లోకంలో ఉన్నవాళ్లంతా దొంగలే. డబ్బో దస్కమో ఎత్తుకుపోతారని కాదు, అందరూ తన డిజైన్లే కాజేస్తారని. వెండిపనికి పేరుపడ్డ మా తస్కో కొండమీద ఎవరు ఏ వెండిగాజు వంచినా, ఎవరు ఏ చెవిపోగు చెక్కినా, అది ముందు తన బుర్రలోనే పుట్టిందని నడివీధిలో నిలబడి అరిచేవాడు.

అందుకే గోడవైపు తిరిగి కూర్చుని గీసేవాడు. కాగితం మీద టోపీ బోర్లించి, దాని కింద చెయ్యి దూర్చి మరీ గీసేవాడు. అలా గీయడం వల్ల ఆయన పక్షులకు అప్పుడప్పుడు మూడు కాళ్లు వచ్చేవి. సరిహద్దు అవతల ఉత్తరాది దేశం నుంచి వచ్చే దొరసానులు ఆ మూడో కాలు చూసే మోజుపడి కొనేవారు.

ఒకసారి చర్చి గుమ్మం మీది దేవదూతను చూసి ఆగిపోయాడు.

"ఫాదర్, ఈ రెక్కలు నావి."

"ఈ చర్చి కట్టి రెండువందల ఏళ్లయింది, ఎర్మీలో."

"అయితే? దొంగతనానికి వయసుంటుందా?"

ఇంట్లోనూ ఇదే వరస. భార్య డోన్యా రుఫీనా రొట్టె కాల్చి పెడితే, "ఈ గుండ్రం నా గాజుది" అన్నాడట. "అయితే తినకు" అందట ఆవిడ. నాలుగు తిని లేచాడట.

నా పేరు మకారియో. ఆయన కొలిమిలో ఏడేళ్లు పని నేర్చుకున్నాను. వెండి అతకడానికి వెలిగారం ఎంత వెయ్యాలో, టంకం ఏ క్షణాన కరిగి పారుతుందో ఆయన చేతులు చూసే తెలుసుకున్నాను. తర్వాత పెళ్లి చేసుకుని సొంత కొలిమి పెట్టాను. ఐరోపాలో పెద్దయుద్ధం జరిగినన్నాళ్లూ మాకు చేతినిండా పని. ఐరోపా నగలు రావడం ఆగిపోయి ఉత్తరాది దుకాణాలన్నీ మా మీద పడ్డాయి. యుద్ధం ముగిసిందని లోకమంతా గంతులేస్తుంటే తస్కోలో మేం మాత్రం మొహాలు వేలాడేసుకున్నాం. మా సందులో పదకొండు కొలుములుండేవి. రెండేళ్లు తిరిగేసరికి నాలుగు మిగిలాయి. సుత్తి చప్పుడు లేక మా సందు కుక్కలకు కూడా దిగులు పట్టుకుంది.

ఆ వానాకాలం నా వంతు వచ్చింది. ఉన్న ఒక్క ఆర్డరూ రద్దయింది. రేకు సాగదీసే మిషన్ అమ్మకానికి పెట్టాను. ఉత్తరాది కమలాతోటల్లో కాయలు కోసే కూలికి పేరు రాయించుకున్నాను. సోమవారం బస్సు. వెళ్తే మళ్లీ ఈ చేత్తో సుత్తి పట్టనని నాకు తెలుసు. నా భార్య ఎలోడియా ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"చెట్టెక్కడం వచ్చా నీకు?" అంది.

"రాదు."

"మరి?"

"కింది కొమ్మల్లోవి కోస్తాను."

ఆవిడ నావైపు చూసి నా చొక్కాలు మడత పెట్టింది.

మిగిలిన వెండితో చివరిసారిగా నాకు నచ్చింది చేద్దామనుకున్నాను. జుమీల్ పురుగులు చేశాను. మా కొండమీద అవి పండగ తిండి. బతికుండగానే రొట్టెలో చుట్టుకుని తింటాం. ఆరు సన్నటి కాళ్లు, రెండు మీసాలు, వీపు మీద నల్లరాయి పెట్టి పిన్నులు చేసి, శనివారం బజారు అరుగు మీద పళ్లెంలో పరిచి కూర్చున్నాను. వాన పొద్దున్నుంచీ కురుస్తూనే ఉంది. ఒక దొరసాని వంగి చూసి, "నల్లి!" అని రెండడుగులు వెనక్కి వేసింది. ఆ పూటకి నాకు తగిలిన గిరాకీ అదొక్కటే.

మధ్యాహ్నం డోన్ ఎర్మీలో గొడుగు పట్టుకుని వచ్చాడు. పక్కన మిసెస్ టాల్బట్ ఉంది. ఉత్తరాదిలో పెద్ద దుకాణానికి సరుకు కొనే మనిషి, ఏటా ఆయన దగ్గరికే వస్తుంది. నా పళ్లెం చూసి ఆయన కాళ్లు నేలకు అతుక్కుపోయాయి.

"దొంగా!"

"మేస్త్రీ, నేను..."

"నోర్ముయ్! నా పురుగు! ఆ కాళ్లు నావి, ఆ మీసాలు నావి! ఏడేళ్లు నా ఉప్పు తిని నా పురుగునే మింగుతావా?"

బజారంతా పోగయింది. నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు పురుగు ఎప్పుడు చేశారండీ?" అన్నాను.

"చెయ్యబోతున్నాను! చెయ్యకముందే ఎత్తుకుపోయావంటే నువ్వెంత దొంగవో!"

మిసెస్ టాల్బట్ ఒక పురుగును కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూసింది. "ఇది నిజంగా మీదేనా డోన్ ఎర్మీలో?"

"నా ప్రాణం! కొనకండమ్మా. ఆ కాలు అతుకు చూడండి. కనపడుతోందా?"

"లేదు."

"కనపడదు! ఊళ్లో ఇంకెవరికీ ఆ పనితనం రాదు. దొంగవెధవ!"

"వంద కావాలి నాకు" అందావిడ.

"వందా? ఘోరం! ఊరుకుంటే వీడు వీటికి జోడీగా చెవిపోగులు కూడా చేసి అమ్ముతాడు!"

"చెవిపోగులు కూడా" అంటూ ఆవిడ పుస్తకంలో రాసుకుంది.

డోన్ ఎర్మీలో ఆకాశాన్ని తిట్టి, నన్ను తిట్టి, గొడుగు ఆవిడ చేతిలో పెట్టేసి వానలో తడుస్తూ వెళ్లిపోయాడు.

ఆర్డరు వచ్చిందన్న సంతోషం ఉంది గానీ, దొంగ అన్న మాటను మరిచిపోలేకపోయాను. ఆదివారం ఆయన ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే డోన్యా రుఫీనా ఎదురైంది.

"ఆయన గీసిన పురుగు బొమ్మ ఒక్కటి చూపించండమ్మా. ఉంటే ఆర్డరు వదిలేసుకుంటాను" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "జుమీలా? ఈయనకి ఆ పురుగంటే ప్రాణభయం నాయనా. పెళ్లినాడు మా అమ్మ వడ్డిస్తే బల్లెక్కి కూర్చున్నాడు. దిగమని ఫాదరు బతిమాలాల్సొచ్చింది."

"మరి ఎందుకలా అరిచారు?"

"ఎందుకో నువ్వే చెప్పు. పైవీధి పెద్ద కార్ఖానావాడు ఈయన పక్షుల్ని మూడో కాలుతో సహా గంపలకొద్దీ అచ్చుపోసి అమ్ముతున్నాడు. వాణ్ని ఏనాడైనా పన్నెత్తి ఒక్కమాట అన్నాడా?"

"అంటే వాడికి గిరాకీ పెరగదూ?" అని లోపల్నుంచి మేస్త్రీ కేక వినిపించింది.

అక్కడే నిలబడి ఆలోచించాను. కిందటేడు ఈయన దొంగలన్నది కాస్త్రెహోన్ అన్నదమ్ముల్ని. అప్పుడు వాళ్ల కొలిమి పైకప్పు కూలి ఉంది. అంతకుముందు తిబుర్సియాని, మొగుడు పోయి ఆవిడ కొలిమి మూసే రోజులవి. ఎర్మీలో అంతటివాడే కడుపుమండి అరిచాడంటే సరుకులో ఏదో ఉందని దొరసానులు ఎగబడ్డారు. మా సందులో మిగిలిన నాలుగు కొలుముల్లో రెండు వాళ్లవే. ఆ రెండుసార్లూ జనంలో నిలబడి పళ్లికిలించినవాణ్ని నేను. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

లోపలికి వెళ్లాను. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కుంపటి చల్లగా ఉంది. వెండి కరిగించే మూసలో సాలీడు గూడు కట్టింది.

"మేస్త్రీ, ఆవిడ మీ దగ్గరికే కదా వచ్చింది. ఆ ఆర్డరు మీకు రావలసింది."

"పురుగుల దొంగతో నేను మాట్లాడను."

"మీకెప్పట్నుంచి పని లేదు?"

"ఈస్టర్ నుంచి" అంది డోన్యా రుఫీనా. ఈసారి నవ్వలేదు.

సోమవారం బస్సు నేను లేకుండానే వెళ్లింది. ఎలోడియా చొక్కాలు మడతలు విప్పుతూ అప్పుడు ఏడ్చింది. వారమంతా పురుగులకు కాళ్లు అతుకుతూ కూర్చున్నాను గానీ మనసు ఆ చల్లటి కుంపటి దగ్గరే ఉంది.

మళ్లీ శనివారం వచ్చింది. వాన మాత్రం పోలేదు. డోన్ ఎర్మీలో అరుగు మీద చేపబొమ్మల పాత గాజులు పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. నేను వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక వీధిలో గొంతెత్తిన పాపాన పోలేదు.

"దొంగ" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను ఎగాదిగా చూశాడు. కళ్లలో ఏదో మెరిసింది. పెదాలు కదపకుండా, "గట్టిగా ఏడువు. బస్సు దిగేవాళ్లకి వినపడొద్దూ?" అన్నాడు.

"దొంగ! పట్టుకోండి! ఆ చేపలు నావి! ఆ పొలుసులు నావి! నా ఇంటికొచ్చి నా చేపల్ని ఎత్తుకుపోయాడు!"

బస్సు దగ్గరున్న గొడుగులన్నీ ఇటు తిరిగాయి. మూడు గొడుగులు కదిలి వచ్చి ఆయన అరుగు ముందు ఆగాయి. ఒక దొరసాని గాజు తీసి చేతికి తొడుక్కుని చూసుకుంది. డోన్ ఎర్మీలో లేచి నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, నావైపు వేలు చూపించాడు.

"విన్నారా అమ్మా, వాడి అరుపు? ఆ అరుపు నాదండీ! అది కూడా కాజేశాడు!"