రెండో స్కాన్‌లో పెరిగిన నెంబరు

మా అన్న రుద్రవరంలో శనగ చేలో నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. నేను ఆయనకంటే నాలుగేళ్లు చిన్న, ఆళ్లగడ్డ హైస్కూల్లో లెక్కల టీచర్ని. అన్నకు వచ్చింది నాకూ వస్తుందేమోనన్న భయం పట్టుకుని నంద్యాలలో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆయన స్కాన్ రాశాడు. చేతికి సూది గుచ్చి మందు ఎక్కించగానే ఒళ్లంతా గుప్పున వేడెక్కింది. "ఊపిరి బిగబట్టండి" అని మైకులో వినిపించింది. బిగబట్టాను. అంతే, అయిపోయింది. గుండెకు రక్తం చేరవేసే నాళాల్లో సున్నంలా గట్టిపడినదాన్ని లెక్కగట్టి ఒక నెంబరు ఇచ్చారు. నూట పన్నెండు. ఏమీ లేనివాళ్లకు సున్నా వస్తుందట. డాక్టరు కొవ్వు తగ్గడానికి రోజుకొక మాత్ర వేసుకోమని, రెండేళ్లకు మళ్లీ స్కాన్ తీసి పోల్చి చూద్దామని చెప్పాడు.

ఆ రెండేళ్లలో ఒక్క రోజు కూడా మాత్ర తప్పలేదు. తెల్లారి గంటసేపు నడిచాను. ఉగ్గాని, బజ్జీ నాకు ప్రాణం. బజ్జీని పక్కకు నెట్టడం నేర్చుకున్నాను. రెండో స్కాన్‌కు పరీక్ష బాగా రాసినవాడిలా ధీమాగా వెళ్లాను.

రిపోర్టులో నూట ఎనభై ఏడు ఉంది.

వేరేవాళ్లదేమోనని పేరు చూశాను, వయసు చూశాను. నాదే. డాక్టరు ఊళ్లో లేడు, పది రోజులాగి రమ్మన్నారు. ఆళ్లగడ్డ బస్సులో కూర్చుని ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. నోరు కట్టుకుని, నడిచి, మందు మింగితే పెరగడమేమిటి? రెండేళ్లలో నా ఒంట్లోకి కొత్తగా చేరింది ఆ మాత్ర ఒక్కటే. అదే పెంచిందని తేల్చుకుని, ఎవరికీ చెప్పకుండా మానేశాను.

ఆ ఆదివారం అన్న జ్ఞాపకార్థ ప్రార్థనకు రుద్రవరం వెళ్లాను. భోజనాలయ్యాక వదిన నీళ్ల చెంబు తెచ్చి, "మాత్ర ఏసుకోప్పా" అంది.

"మానేసినా వదినా. అది మింగబట్టే నెంబరు పెరిగింది."

"ఎవురు చెప్పినారు? డాక్టరా?"

"లే. నాకే అనిపిచ్చింది."

వదిన చెంబు ఠక్కున కింద పెట్టింది. "మీ అన్నకు మాత్ర ఇచ్చేటోళ్లు లేకపాయ. నీకు ఇచ్చినోళ్లుంటే నువ్వు పారేస్తాండావా? డాక్టరు కాడికి నేనూ వస్తా పా."

అన్నట్టే వచ్చింది. డాక్టరు గదిలో నాకంటే ముందే కుర్చీలో కూర్చుని, నేను చేసిన పని మొత్తం చెప్పేసింది. డాక్టరు కోప్పడలేదు. రెండు స్కాన్ల చిత్రాలూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టాడు.

"సార్, నాళాల్లో పేరుకున్నదాంట్లో పగిలి ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా మెత్తని కొవ్వు. ఇదో, పాత దాంట్లో ఈడ నల్లగా ఉంది, ఇప్పుడు తగ్గింది. ఈ మాత్రతో ఆ మెత్తనిది గట్టిపడుతుంది. గట్టిపడిందే తెల్లగా కనబడి నెంబరు పెరుగుతుంది. రక్తం పోయే దారి మాత్రం అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే ఉంది."

"అంటే నెంబరు పెరగడం మంచిదా?"

"అట్లా కూడా చెప్పలేం."

"మరి తగ్గాలా?"

"అది సామాన్యంగా తగ్గదు సార్."

లెక్కల్లో ఇలాంటి జవాబు నేనెప్పుడూ చూడలేదు. ఆ నల్లమచ్చను కళ్లు చికిలించుకుని చూశాను. ఆయన తగ్గిందన్నాక తగ్గినట్టే కనిపించింది. చెప్పకపోయి ఉంటే రెండూ ఒకటేననుకునేవాణ్ని. మాత్ర మానొద్దనీ, ఈసారి మూడేళ్లకు స్కాన్ తీద్దామనీ చెప్పి పంపాడు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం. వదిన మందుల షాపులో మాత్రలు కొనుక్కొచ్చింది.

"నీకేమన్నా అర్థమాయనా?" అంది.

"లే వదినా."

"నాకూ కాలే. మింగు."

మింగాను. ఇప్పటికీ రోజూ మింగుతున్నాను. మూడో స్కాన్ వచ్చే ఏడాది. ఏ నెంబరు రావాలని ప్రార్థన చేసుకోవాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.