సిగ్నల్‌మేన్ శుభాకర్ కూతురి ఇంటర్వ్యూ

శుభాకర్ పోర్టులో సిగ్నల్‌మేన్. అంటే మరేం లేదు, క్రేన్ నడిపేవాడికి ఓడ మీద నిలబడి చేత్తో సైగలు చెయ్యడం. పైన కేబిన్‌లో కూర్చున్నవాడికి ఓడ అడుగున ఏముందో కనపడదు. కింద నుంచి ఎంత గొంతు చించుకున్నా వినపడదు. శుభాకర్ అరచెయ్యి కిందికి తిప్పి మెల్లగా ఆడిస్తే స్టీలు కాయిల్ మెల్లగా దిగుతుంది. పిడికిలి బిగిస్తే గాల్లోనే ఆగిపోతుంది. ఇన్నేళ్ల సర్వీసులో అతని సైగ తప్పి ఒక్కడికీ దెబ్బ తగిలింది లేదు. ఆ గర్వం అతనికుంది. ఉండొద్దా మరి?

ఆ సైగ ఇంట్లోకీ వచ్చింది. కూతురు మిరియంకి చిన్నప్పట్నుంచీ మాటలో మహా తొందర. నోరు తెరిచిందంటే మాట మీద మాట పడిపోయి సగం మింగేసేది. క్రిస్మస్‌కి చర్చిలో పిల్లలు వాక్యాలు అప్పజెప్పాలి కదా, మిరియం స్టేజీ ఎక్కితే చివర్లో ఆమెన్ తప్ప ఇంకో ముక్క ఎవరికీ తెలిసేది కాదు. తోటిపిల్లలు కిసకిసా నవ్వేవారు. మరుసటేడు శుభాకర్ జనం వెనకాల గోడకి ఆనుకుని నిలబడి, క్రేన్‌కి చూపించినట్టే, మెల్లగా, మెల్లగా అని చూపించాడు. పిల్ల ఆ చేతి మీదే కళ్లు పెట్టి, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది. పాస్టరు గారు దగ్గరికి పిలిచి మరీ మెచ్చుకున్నారు. అప్పట్నుంచి స్కూల్లో ఉపన్యాసం పోటీ అయినా సరే, వెనకాల నాన్న ఉండాల్సిందే.

ఇంటరయ్యాక మిరియం రుషికొండ వైపు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో లా కోర్సుకి అప్లై చేసింది. మంచి మార్కులొచ్చినవాళ్లకి ఇంటర్వ్యూ పెట్టి, నెగ్గినవాళ్లకి ఫీజు లేకుండా సీటిస్తారట. అది వస్తే లాయరు. రాకపోతే మద్దిలపాలెంలో ఏదో ఒక డిగ్రీ. లాయరు కావాలని ఆ పిల్ల ఎనిమిదో తరగతి నుంచీ కలవరిస్తోంది మరి.

ఇంక చూడండి, డ్యూటీ నుంచి రావడమే తరువాయి, మిరియం కుర్చీలో, శుభాకర్ వంటింటి గుమ్మంలో. ప్రశ్నలు యూట్యూబ్‌లోవి. ఇంగ్లీషు అతనికి అంతంతమాత్రమే. తొందర కనిపెట్టడానికి ఇంగ్లీషు రావాలా ఏంటి!

"నీ గురించి సెప్పమంతారు. గాబరా పడిపోకు. నా సెయ్యి సూడు."

"అక్కడ నువ్వుండవు కదా నాన్నా?"

"నానెందుకుండను? తోడొత్తాను కదేటి."

పోపు వేస్తున్న భార్య ఆరోగ్యమ్మకి ఒళ్లు మండింది. "దాన్నొగ్గీవయ్యా. రేపు కోర్టులో జడ్జీ ముందర కూడా ఎనకాల నిల్సుంతావేటి?"

"నిల్సుంతాను. నీకేటి బాధ?"

ముగ్గురూ పడీ పడీ నవ్వుకున్నారు. ఆరోగ్యమ్మ మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

ఇంటర్వ్యూ రోజున శుభాకర్ సెలవు పెట్టి, చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వెళ్లాడు. ఆ గదికి అద్దం తలుపు. హమ్మయ్య, దేవుడే పెట్టించాడనుకున్నాడు. తీరా చూస్తే మిరియం కుర్చీ అటు తిరిగి ఉంది. వీపు తప్ప ఏమీ కనపడదు.

మాటలు వినపడకపోయినా ఆ భుజాలు చూస్తేనే తెలిసిపోయింది, పిల్ల పరుగందుకుంది. ఎదురుగా ప్రశ్నలడిగే ముగ్గురిలో మధ్యలో కూర్చున్న మేడం ముందుకు వంగి ఏదో అడిగింది. మళ్లీ చెప్పమనే అయ్యుంటుంది. మిరియం మొదలెట్టి, ఆగి, వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది.

శుభాకర్ చెయ్యి దానంతటదే లేచింది. మెల్లగా తల్లీ, మెల్లగా.

మిరియం అటు తిరిగి రెండు ముక్కలు చెప్పింది. మళ్లీ వెనక్కి చూసింది. ఈసారి మేడం కూడా చూసింది. చెయ్యి దింపితే పిల్ల తడబడుతుంది, ఉంచితే వాళ్లేమనుకుంటారో. ఏం చెయ్యమంటారు చెప్పండి!

ఆ మేడం చెడ్డమనిషేం కాదు. తనే లేచొచ్చి తలుపు తీసింది. "సార్, మీరు కింద కేంటీన్‌లో కూర్చోండి. అమ్మాయిని చెప్పనివ్వండి."

"ఎల్లిపోతాను మేడం. తప్పు నాది, దానిది కాదు. దానికన్నీ వచ్చు మేడం..." అంటుండగానే తలుపు మూసుకుంది.

కేంటీన్‌లో టీ ముందు పెట్టుకుని తాగలేకపోయాడు. కాసేపటికి మిరియం మెట్లు దిగి వచ్చింది.

"ఏటడిగారమ్మా?"

"అన్నీ మనం సదివినవే నాన్నా. కష్టమైంది ఒక్కటీ లేదు."

"మరింకేటి?"

"నువ్వెల్లిపోయాక నోరు పెగల్లేదు."

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండును అనిపించింది శుభాకర్‌కి.

సీటు రాలేదు. కూతుర్ని తన చేతుల్తోనే పాడుచేశానని శుభాకర్ కుమిలిపోయాడు. అయితే కొందరు చేరకపోవడంతో, మిగిలిన సీట్లకి యూనివర్సిటీవాళ్లు ఇంకోసారి పిలిచారు. ఇదే ఆఖరు. కబురు వినగానే శుభాకర్ ఆశగా వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వద్దు నాన్నా," అంది మిరియం. గొంతులో కోపం లేదు. "నువ్వు కనబడితే నాకు నువ్వే కావాలనిపిస్తాది. ఈసారి నానొక్కదాన్నే ఎల్తాను."

"సరేనమ్మా," అన్నాడు. ఇంకేమంటాడు?

మిరియం గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. శుభాకర్ ఆ తలుపు పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. లోపల పిల్ల జవాబులు పైకి చెప్పుకుంటోంది. అదే తొందర, అదే మింగేయడం. ఇలా చెప్తే ఈ సీటూ పోతుందని అతనికి అక్షరం అక్షరం తెలుస్తోంది. ఒక్క మాట అందామని నోటిదాకా వచ్చింది. అంటే మళ్లీ తనే అడ్డం అవుతాడు. వినలేక లేవబోయి, మళ్లీ అక్కడే కూర్చుండిపోయాడు.

లోపల మిరియం ఆగింది. గట్టిగా ఊపిరి తీసుకుని మళ్లీ మొదట్నుంచి అందుకుంది, ఇందాకటి కన్నా ఇంకా తొందరగా.