అత్తకు చూపించిన గండికోట

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, ఎండలు ముదరకముందే మా అత్త గండికోటకు పోవాలని పట్టుబట్టింది. జమ్మలమడుగులో మాకు ఉప్పు, పప్పు, బెల్లం అమ్మే అంగడి ఉండేది. అంగడి వెనకే ఇల్లు. అత్త ఆ గడప దాటి వీధి చివరిదాకా వెళ్ళడం కూడా నేను చూడలేదు. ఆమె కళ్ళలో పొర కమ్ముకొచ్చింది. వెలుగూ నీడా తెలిసేవి. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలిసేది, కానీ ఆ మనిషి ఎవరో గొంతు వింటేగాని తెలిసేది కాదు.

"కండ్లే సరిగ్గా లేవు, ఆడికి పోయి ఏం చూస్తావమ్మా?" అన్నాడు నా భర్త.

"మా పెద్దోళ్ళు ఆ కోటలోనే అంగడి పెట్టుకోని బతికినారంట. మా నాయన్ను కన్న జేజి చెప్తాండె. ఈ పొర మొత్తం మూసుకోకముందే ఒగసారి పోయి రావల్ల" అంది అత్త.

ఆమె తక్కువ మాట్లాడే మనిషి. అందుకే ఎదురు చెప్పడం ఎవరికీ చేతనయ్యేది కాదు. నన్ను ఎప్పుడూ కసిరింది లేదు. అయినా ఆమె ఎదుట నా నోరు పెగిలేది కాదు. "అట్లే అత్తా", "వస్తాండా అత్తా" తప్ప రెండేళ్ళలో నేను ఆమెతో అన్నదేమీ లేదు.

తెల్లవారుతుండగా బండి కట్టారు. చిత్రాన్నం మూటగట్టుకుని ముగ్గురం బయలుదేరాం. కోట వాకిలి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. లోపల కొద్దిపాటి ఇళ్ళే ఉండేవి. వాటిలో ఒకటి మా అంగడికి సరుకులకు వచ్చే ఒక సాయిబుది. ఆయన ఇంటి ముందే బండి ఆపాం. ఆయన, నా భర్త ఎద్దులను నీళ్ళకు తోలుకుపోయారు. సాయిబు భార్య ఆరబోసిన మిరపకాయలను కోడలికి అప్పజెప్పి, చేతులు కడుక్కుని మా వెంట వచ్చింది.

"నా చెయ్యి పట్టుకో అమ్మా. ఈడ రాళ్ళు కదుల్తాంటాయి" అని అత్త చేయి అందుకుంది.

అత్త వెనక్కు తీసుకుంటుందేమో అనుకున్నాను. తీసుకోలేదు.

పాత గాదెల గదిలోకి వెళ్ళాం. ఎండలోనుంచి వచ్చిన మాకు లోపలి చల్లదనం హాయిగా తగిలింది. అత్త గోడను అరచేత్తో తడుముతూ ఆ చివరిదాకా నడిచింది. బయటికొచ్చాక, "అంగళ్ళు యాడ ఉండేవి?" అని అడిగింది.

"ఎవరికి తెలుసమ్మా? ఈ పక్కనే ఉండుంటాయి. ఇప్పుడంతా కంపచెట్లే" అంది సాయిబు భార్య.

అత్త కాలితో నేల తడిమి, ఒక చదునైన బండ తగిలితే దానిమీద కూర్చుంది. "యాడో ఒగ చోట ఉండే ఉంటాది గదా. మా అంగడి ఇదే అనుకుంటే తప్పేముంది? అన్నం పెట్టు మ్మి" అంది నాతో. అక్కడే ఆకులు పరిచి చిత్రాన్నం తిన్నాం. సాయిబు భార్యకూ ఒక ఆకు వేయమని అత్తే చెప్పింది.

తిన్నాక బురుజు ఎక్కుతానంది. లోయ అంచున ఉన్న బురుజు అది. మెట్లు చాలావరకు విరిగిపోయాయి. వద్దని ఇద్దరమూ చెప్పాం. వినలేదు. సాయిబు భార్య ముందు, అత్త మధ్యలో, నేను వెనక. సగం ఎక్కాక అత్త కాలికింద రాయి ఊగింది. ఆమె వెనక్కు తూలింది. నేను రెండు చేతులూ ఆమె నడుం చుట్టూ వేసి గట్టిగా పట్టుకున్నాను. పండగలకు పాదాలకు దండం పెట్టినప్పుడు తప్ప ఆమెను నేను తాకింది అదే మొదలు.

భయపడి చేతులు తీయబోయాను. "వదలొద్దు. అట్లే పట్టుకోనుండు" అంది అత్త. అట్లాగే పైకి చేరాం.

పైన గాలి చీరలను లాగేస్తోంది. అత్త గోడ పట్టుకుని లోయవైపు ముఖం తిప్పింది.

"ఏముండాది? చెప్పు."

"కొండలు అత్తా. కింద ఏరు."

"కొండలూ ఏరూ ఉంటాయని నాకు తెలీదా? ఆ మాటకా ఇంత దూరం వచ్చింది? నీ కంటికి ఏం కనపడతాండాదో అది చెప్పు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. లోయలోకి చూశాను. చూస్తూ చూస్తూ మొదలుపెట్టాను.

"రెండు పక్కలా ఎర్ర బండలు అత్తా. మన అంగట్లో బెల్లం అచ్చులు ఒగదాని మీద ఒగటి పేరుస్తామే, అట్ల ఉండాయి. రంగు గూడా అదే. నీళ్ళు శానా లేవు. మడుగులు మడుగులుగా నిలబడి పచ్చగా ఉండాయి. ఆ పక్క గట్టుమీద మేకలు. ఆవాలు చిందిపోయినట్టు కనపడతాండాయి."

"అవి మా మరిదివే" అంది సాయిబు భార్య.

"ఇంకా?" అంది అత్త.

"గద్ద తిరుగుతాండాది అత్తా. మనకంటే కింద. దాని ఈపు కనపడతాండాది."

"గద్ద ఈపా!" అని అత్త నవ్వింది. ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "గద్ద ఈపు చూసినోళ్ళు ఎవరున్నారు మ్మి! ఇంకా చెప్పు."

బండి కట్టేదాకా చెబుతూనే ఉన్నాను. తిరుగుదారిలో బండిలోనూ ఆపనివ్వలేదు. చేలలో ఏముంది, ఎదురొచ్చే బండిలో ఎవరున్నారు అని అడుగుతూనే ఉంది. ఎద్దులు తోలుతున్న నా భర్త రెండుసార్లు వెనక్కి తిరిగి నావైపు వింతగా చూశాడు.

అప్పటినుంచి సాయంత్రాలు నన్ను అరుగుమీద పక్కన కూర్చోబెట్టుకునేది. వీధిలో పోయేవాళ్ళ నడకలు, చీరల రంగులు, ఎవరి ముఖం ఎలా ఉందో అన్నీ చెప్పేదాన్ని.

మరుసటేడు ఊళ్ళోని ఆసుపత్రిలో ఆమెకు కంటి ఆపరేషన్ చేశారు. ఒక కంటికి చూపు బాగా వచ్చింది. కట్టు విప్పి దళసరి అద్దాలు పెట్టాక, మంచం పక్కనున్న నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంత నల్లగుండావా మ్మి నువ్వు?"

నా భర్త బిత్తరపోయాడు. నేను మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె కూడా కడుపు పట్టుకుని నవ్వింది.

లోపల మాత్రం నాకొక బెంగ ఉండేది. చూపొచ్చింది కాబట్టి నా మాటలతో ఇక పనేముంటుందని. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, జొన్నలు చెరుగుతున్న అత్త చేట పక్కన పెట్టి, "నంద్యాల్లో మీ ఇల్లు ఎట్లుంటాదో ఎప్పుడూ చెప్పలేదే. మీ అమ్మ పొద్దున లేచి ఏం చేస్తాది?" అని అడిగింది. నేను కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని, మా ఇంటి వాకిలి దగ్గరినుంచి మొదలుపెట్టాను.